మొదటి సూది అటు, రెండోది ఇటు

పర్లాకిమిడిలో ఉంటామంటే శ్రీకాకుళం, విశాఖపట్నం చుట్టాలు ఇప్పటికీ మమ్మల్ని కాస్త జాలిగా చూస్తారు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే చాలు, "ఆ ఒడిశాలో ఆసుపత్రులు ఎలా ఉంటాయో ఏమో, పిల్లలకి సూదులైనా వేళకి వేస్తారా?" అని అడుగుతారు. నేను వాదనకి దిగను, ఒక లెక్క చెబుతాను. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నిండి రెండేళ్ళు నిండని పిల్లల్లో ముఖ్యమైన టీకాలన్నీ పడ్డవాళ్ళు ఒడిశాలో నూటికి 90.5 మంది. దేశం మొత్తం మీద 76.4. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 73. ఈ మాట చెప్పగానే చుట్టాలు ముందు నమ్మరు, తర్వాత మాట మార్చేస్తారు.

ఒడిశా ఊరికే అక్కడికి చేరలేదు. అంగన్‌వాడీ దగ్గర మంగళవారమో శుక్రవారమో మమతా దిబస్ పెట్టి గర్భిణుల్నీ పసిపిల్లల్నీ చూడడం, బుధవారం టీకాలు వేయడం ఇక్కడ ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. 2011లో మొదలైన మమతా పథకంలో తల్లికిచ్చే డబ్బు వాయిదాలకీ బిడ్డ టీకాలకీ ముడిపెట్టారు. కొండమీది ఊళ్ళకి ఆశా దీదీలు, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తలు, నడిచి వెళ్ళి, తల్లుల్ని పేరుపేరునా పిలుచుకొచ్చారు. గజపతి జిల్లా సవర గిరిజన పల్లెలకి ఆ నడక అంటే ఏమిటో మహేంద్రగిరి వైపు ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళకి తెలుస్తుంది. కాబట్టి ఇటువైపు పనే జరగడం లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

నా పేచీ వేరే ఉంది. ఆ తొంభైమందిలో చేరని పిల్లలు ఎవరు అని అడిగితే ఆఫీసుల్లోనూ, చదువుకున్న ఇళ్ళల్లోనూ ఒకటే జవాబు వస్తుంది: "వాళ్ళకి తెలీదండీ, భయం, మూఢనమ్మకం." మాది మందుల కొట్టు. కౌంటరు వెనక కూర్చుని నేను చూసేది ఇంకోలా ఉంది. మా సరిహద్దులో టీకా తప్పిన పిల్లల తల్లుల్లో చాలామంది సూది వద్దన్నవాళ్ళు కారు. మొదటి విడత వేయించారు, కొందరు రెండోదీ వేయించారు. తర్వాత బిడ్డనెత్తుకుని రాష్ట్రం దాటారు. దాటగానే ఆ బిడ్డ పేరు అటు పుస్తకంలోంచి పోయింది, ఇటు పుస్తకంలో ఎక్కలేదు. తల్లికి పాఠం చెప్పే ముందు ఆ రెండు పుస్తకాల సంగతి చూడాలని నా వాదన.

మా ఆడపడుచు కోడలి సంగతి చెబుతాను. పుట్టిల్లు టెక్కలి దగ్గర, అత్తిల్లు గుణుపూర్. నౌపడా నుంచి వచ్చే రైలు ఆ రెండిళ్ళనీ కలుపుతుంది, మధ్యలో మా ఊరు. మన ఇళ్ళల్లో మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, ఆ పిల్లా సీమంతం అయ్యాక వెళ్ళింది. కాన్పు శ్రీకాకుళం జిల్లాలోనే అయింది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, ఇరవైనాలుగు గంటల్లోపు హెపటైటిస్-బి, అన్నీ పద్ధతిగా పడ్డాయి. నెలన్నరకి వేసేవీ అక్కడే అయ్యాయి: ఎడమ తొడకి అయిదు జబ్బులకి ఒకటే సూదైన పెంటావాలెంట్, కుడి తొడకి న్యుమోకోకల్, కుడి భుజానికి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు. బిడ్డ ఏడుస్తుంటే అమ్మమ్మ ఏడ్చింది, అది వేరే కథ. తర్వాత మంచిరోజు చూసి, సారె పెట్టి, తల్లినీ బిడ్డనీ గుణుపూర్ పంపారు.

రెండో విడతకి వేళైంది. అత్తగారి వీధి అంగన్‌వాడీలో టీకాలు వేస్తున్నారని తెలిసి బిడ్డని తీసుకెళ్ళింది. అక్కడి ఏఎన్ఎం, అంటే సూదులు వేసే నర్సమ్మ, కార్డు అటూ ఇటూ తిప్పింది, తన రిజిస్టర్లో వేలు పెట్టి పైనుంచి కిందిదాకా పేరు వెతికింది. లేదు. "నువ్వు మా లిస్టులో లేవు, మొదటిది ఎక్కడ వేయించావో అక్కడే వేయించుకో" అంది. ఈ పిల్లకి ఒడియా అంతంతమాత్రం. మూడు నెలల బిడ్డతో మళ్ళీ రైలెక్కి టెక్కలి వెళ్ళమంటే ఎవరు వెళతారు? "వచ్చే నెల పుట్టింటికి వెళ్ళినప్పుడు చూసుకుందాంలే" అనుకుని ఇంటికొచ్చేసింది.

ఆ ఏఎన్ఎం గయ్యాళి కాదు. ఆవిడ పొద్దున్న తెచ్చుకునే టీకా డబ్బా సంగతి తెలిస్తే ఆవిడ మాట అర్థమవుతుంది. ఈ వారం ఎవరెవరికి ఏ డోసు వేయాలో ఆశా, ఏఎన్ఎం కలిసి ముందే ఒక జాబితా రాసుకుంటారు, దాన్నే డ్యూ లిస్ట్ అంటారు. ఆ పేర్ల లెక్కన ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్‌లోంచి సీసాలు తీసి, ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో సర్ది పంపుతారు. సాయంత్రం వాడినవీ మిగిలినవీ లెక్క అప్పగించాలి. పన్నెండుమంది పేర్లు రాసుకుని పన్నెండుమందికి తెచ్చుకున్న మనిషి ముందు పదమూడో బిడ్డ వచ్చి కూర్చుంటే, అదీ తనకి రాని లిపిలో రాసిన కార్డుతో వస్తే, ఆవిడకి టెన్షన్ వస్తుంది. అదే సమయంలో టెక్కలి వైపు ఏఎన్ఎం తన పుస్తకంలో ఈ పిల్ల పేరు పక్కన 'అత్తవారింటికి వెళ్ళిపోయింది' అని రాసేసింది. అదీ నిజమే. రెండు వైపులా ఎవరి పుస్తకం ప్రకారం వాళ్ళు సరిగ్గానే చేశారు. బిడ్డకి మాత్రం సూది పడలేదు.

చివరికి నాలుగో నెల దాటాక పడింది, అదీ మా ఆడపడుచు స్వయంగా వెళ్ళి గట్టిగా అడిగితే. అలా అడగగలిగే అత్తగారు అందరికీ ఉండరు.

దీన్ని ఒక ఇంటి కథ అని కొట్టిపారేయకండి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటోలో వెళ్ళొచ్చే దూరం. ఇక్కడి పిల్లనిచ్చేది అక్కడ, అక్కడి పిల్లని తెచ్చుకునేది ఇక్కడ. ఈ సంబంధాలన్నిట్లోనూ కాన్పు ఒక రాష్ట్రం, కాపురం ఒక రాష్ట్రం. టీకాల పట్టికలో అన్నిటికన్నా ఒత్తుగా ఉండేవి పుట్టిన రోజు, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం. మన ఆచారం ప్రకారం తల్లీబిడ్డా ఇల్లు మారేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎవరో పని గట్టుకుని పట్టికని మన ఇళ్ళకి అడ్డంగా పెట్టినట్టు కుదిరింది. గర్భిణి పేరు రాసుకునేటప్పుడే "కాన్పు ఎక్కడ? బిడ్డతో ఎన్నో నెలలో తిరిగొస్తావు?" అని రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంటే సగం పని అయిపోతుంది. ఆ గడి ఇంకా ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

సవరవాళ్ళకి ఈ బాధ ఇంకో రకం. సీతంపేట వైపు కొండలూ గజపతి కొండలూ వాళ్ళకి ఒకటే. పోడు ఒకచోట, చుట్టరికం ఒకచోట. జీడితోటల పనికి అటు వెళితే ఆ నెల బుధవారం ఇటు ఉండరు. ఇటుకబట్టీలకి తెలంగాణ వెళ్ళే కుటుంబాలదీ అంతే, పిల్లలు బట్టీ దగ్గరే పెరుగుతారు.

ఇక కొటియా సంగతి చెప్పకపోతే కుదరదు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ ఆంధ్రా సాలూరు మండలానికీ మధ్య ఉన్న ఆ ఇరవయ్యొక్క ఊళ్ళ తగువు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకి వెళ్ళింది. అక్కడి జనానికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి, రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు పట్టుకెళతాయి. ఓటరు విషయంలో ఈ మనిషి మావాడంటే మావాడని కొట్టుకునే శాఖలు, టీకా వేళకి మాత్రం మా లిస్టులో లేదని తప్పుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. కొంచెం కోపం కూడా.

పుస్తకం గొడవ దాటుకుని వచ్చిన బిడ్డకి కూడా ఇంకో గండం ఉంది. అది సీసా. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకా పొడి రూపంలో వస్తాయి, నీళ్ళు కలిపి వాడాలి. కలిపాక నాలుగు గంటలే ఆయుష్షు, తర్వాత మిగిలింది పారబోయాలి. ఒక్కో సీసాలో చాలామంది పిల్లలకి సరిపడా ఉంటుంది. పెంటావాలెంట్ లాంటివి అలా కాదు, చల్లగా పెట్టి, సీసా మీది గుర్తు రంగు మారకుండా ఉంటే, తెరిచాక కూడా 28 రోజుల దాకా వాడొచ్చు. ఒక్క బిడ్డ వచ్చినా తట్టు సీసా తెరవాలన్నదే నియమం, వృథా అయినదాన్ని లెక్కలో ఒప్పుకుంటారు. కానీ కింద పనిచేసే మనిషికి వృథా అంటే భయం. "ఇంకో ముగ్గురు పిల్లలొస్తే తెరుస్తాం, వచ్చే వారం రా" అంటారు. వచ్చే వారానికి ఆ తల్లి పాతపట్నంలో ఉంటుంది. మందుల వ్యాపారంలో ఉన్నదాన్ని, పారబోసే మందుని చూస్తే నాకూ ప్రాణం చివుక్కుమంటుంది. అయినా అంటాను, ఈ ఒక్క విషయంలో వృథా ఎక్కువైన కేంద్రాన్ని మెచ్చుకోవాలి. సరిహద్దు ఊళ్ళో తట్టు టీకా వృథా మరీ తక్కువగా కనపడితే, అక్కడ ఎంతమంది తల్లుల్ని వెనక్కి పంపారో అడగాలి.

మనకి ఇది చేతకాదా అంటే, ఒకసారి చేసి చూపించాం. 1995లో మొదలైన పల్స్ పోలియో గుర్తుందా? బస్టాండులో, రైల్వే స్టేషన్లో, రైలు పెట్టెలో కూడా చుక్కలు పట్టుకుని తిరిగారు. ఏ రాష్ట్రం పిల్ల, ఎవరి లిస్టు, మొదటిది ఎక్కడ వేయించారు, ఇవేవీ అడగలేదు. ఎడమ చిటికెనవేలు చూశారు. సిరా గుర్తు లేకపోతే చుక్కలు వేసి, గుర్తు పెట్టి పంపారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరాలో బయటపడ్డ కేసు దేశంలో చివరిది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమున్న ఆగ్నేయాసియాని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించింది. ఆ పనిలో ఇన్ని లక్షలమంది ఎవరూ సరిహద్దు అడగకపోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

చుక్కలు వేరు, సూదులు వేరు అని ఒక ఆరోగ్యశాఖ పరిచయస్తుడు నాతో వాదించాడు. ఆయన మాటలో బలం ఉంది. సూది వేయడానికి శిక్షణ ఉన్న మనిషి కావాలి, వేశాక బిడ్డని అరగంట కూర్చోబెట్టి చూడాలి, ముందు ఏ డోసు ఎప్పుడు పడిందో తెలియాలి. రైలు పెట్టెలో అది కుదరదు, సరే. కానీ సరిహద్దు ఊళ్ళో బస్టాండుకి దగ్గరగా ఒక గదిలో, వారం వారం ఒకే రోజు, జాబితాలో లేని పిల్లల కోసమే కొన్ని డోసులు విడిగా తెచ్చి పెట్టుకుంటే ఎందుకు కుదరదు? అటు బుధ, శనివారాలు, ఇటు బుధవారం. శనివారం ఇక్కడా పెడితే కాన్పు నుంచి తిరిగొచ్చిన పిల్లలకి ఒక తలుపు తెరిచి ఉంటుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, అదనపు సీసాలు కొన్ని చాలు.

భయం గురించి కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒక పక్షమే చెబుతున్నట్టు అవుతుంది. భయం ఉంది. బుధవారం సాయంత్రం, గురువారం పొద్దున్న మా కొట్టుకి పారాసిటమాల్ చుక్కల కోసం వచ్చేవాళ్ళని చూస్తే ఆ భయం దేని మీదో తెలుస్తుంది. మొన్నామధ్య కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మడతల దగ్గర చిరిగిన కార్డు పాలిథిన్ కవరులో చుట్టి, బొడ్లో దోపుకుని ఉంది. "రేత్రంతా గుంటడి ఒల్లు కాలిపోనాదమ్మా. పాలు ముట్టనేదు. ఇంకెయ్యనీను, వద్దంటే వద్దు" అంది. నేను అడిగాను, సూది వేసినామె జ్వరం రావచ్చని చెప్పిందా అని. "ఏటీ చెప్పనేదు. కార్డిచ్చీసి పొమ్మంది."

ఆ పెంటావాలెంట్‌లో కోరింతదగ్గు భాగం ఉంటుంది, జ్వరం ఎక్కువగా వచ్చేది దానివల్లే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బరువుని బట్టి పారాసిటమాల్, తరచుగా పాలు, వేసిన చోట రుద్దకపోవడం, ఇంతే వైద్యం. తగ్గకపోయినా, మూర్ఛ వచ్చినా, బిడ్డ మరీ మందంగా పడి ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. నిజానికి ఏఎన్ఎంలకి శిక్షణలోనే నాలుగు మాటలు నేర్పుతారు: ఏ టీకా వేశాం, అది ఏ జబ్బుకి, ఏ ఇబ్బంది రావచ్చు అప్పుడు ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. లెక్క పెడితే అయిదున్నాయేమో, వాళ్ళు నాలుగనే అంటారు. గదిలో ముప్ఫైమంది పిల్లలు ఏడుస్తుంటే ఆ నాలుగులో నోటికొచ్చేది ఆ ఇబ్బంది మాట తప్ప మిగతావే. జ్వరం సంగతి చెబితే తల్లి భయపడి పారిపోతుందని కొందరి నమ్మకం. నేను చూసినంతలో చెప్పనందుకే పారిపోతున్నారు. ముందే తెలిసిన జ్వరం ఇంట్లో ఎవరినీ కంగారు పెట్టదు. చెప్పకుండా వచ్చిన జ్వరం మాత్రం వీధి మొత్తానికి కథవుతుంది.

ఆ పెద్దావిడ తర్వాత వేయించిందా అని అడుగుతారేమో. నాకు తెలీదు, మళ్ళీ మా కొట్టుకి రాలేదు.

బీసీజీ పుండు కూడా ఇలాంటిదే. ఎడమ భుజం మీద కొన్ని వారాలకి చిన్న బొడిపె లేస్తుంది, చితుకుతుంది, ఆరి మచ్చ పడుతుంది. అలా జరగడమే దాని పద్ధతి. తల్లులు ఆయింట్‌మెంట్ అడుగుతారు, ఇంట్లో అప్పటికే పసుపు అద్ది ఉంటారు. ఏమీ రాయొద్దని చెప్పి పంపితే వ్యాపారం పోతుందనుకునే కొట్లూ ఉన్నాయి మరి.

మా వృత్తివాళ్ళనీ, ఊళ్ళో ఆర్‌ఎంపీలనీ, కొందరు క్లినిక్ డాక్టర్లనీ ఇక్కడ వదిలిపెట్టను. "జలుబుంది, ఇప్పుడు వద్దు." "విరోచనాలు తగ్గాక చూద్దాం." "బరువు తక్కువుంది, నెల ఆగండి." ఈ మాటలు ఎంతమంది పిల్లల డోసుల్ని తినేశాయో చెప్పలేను. మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, విరోచనాలు టీకాకి అడ్డం కావు. బరువు తక్కువున్న బిడ్డకే తట్టు, న్యుమోనియా ముందు ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి ఆ బిడ్డకి ఇంకా త్వరగా వేయాలి. కొండ దిగి వచ్చిన తల్లికి 'నెల ఆగండి' అంటే అది నెలతో అయ్యే పని కాదు.

తట్టు అంటే మా వైపు ఇప్పటికీ అమ్మవారే. వేపమండలు కడతారు, ఇంట్లో తాలింపు పెట్టరు. చదువుకున్నవాళ్ళు దీన్ని చూపించి, "చూశారా, మూఢనమ్మకం" అంటారు. మా కొట్టుకి వచ్చే తల్లుల్లో వేపమండ కట్టినవాళ్ళే తొమ్మిదో నెల సూదికీ వెళ్ళారు, వాళ్ళకి ఈ రెంటికీ తగువు కనపడలేదు. మనకే కనపడుతోంది. నన్ను భయపెట్టేది వేరే. దద్దురు తగ్గగానే గండం గడిచిందనుకుని బిడ్డని గమనించడం మానేస్తారు. తట్టు చంపేది చాలాసార్లు ఆ తర్వాతే, న్యుమోనియాగానో విరోచనాలుగానో. వచ్చినవాడికి విటమిన్ ఏ రెండు రోజులు వరసగా ఇవ్వాలన్నది చాలామందికి తెలీదు. తట్టు అంత తేలిగ్గా అంటుకునే జబ్బు ఇంకోటి లేదు, నూటికి 95 మందికి రెండు డోసులూ పడితే తప్ప అది ఆగదు. అంటే 90 అని మనం మురిసిపోతున్న అంకె దానికి చాలదు.

ఆ 90.5లో ఇంకో మెలిక కూడా ఉంది, మా చుట్టాలకి నేను చెప్పనిది. సర్వే లెక్కపెట్టింది బీసీజీ, మూడు పోలియో, మూడు డీపీటీ (డిఫ్తీరియా, కోరింతదగ్గు, ధనుర్వాతం) లేదా పెంటావాలెంట్, ఒక తట్టు టీకా. అంతే. 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన తట్టు రెండో డోసు, డీపీటీ బూస్టరు, అయిదారేళ్ళకి వేసే డీపీటీ రెండో బూస్టరు, పదేళ్ళకీ పదహారేళ్ళకీ వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఆ అంకెలో లేవు. ఏడాది దాటాక తల్లి కార్డుని ట్రంకు పెట్టెలో పెట్టేస్తుంది, ఆశా కొత్తగా పుట్టినవాళ్ళ వెంట తిరుగుతుంది, మమతా డబ్బు వచ్చేసి ఉంటుంది. బడికెళ్ళే పిల్లకి సూది బాకీ ఉందని ఇంట్లో ఎవరికి గుర్తుంటుంది?

2024లో మా పక్క జిల్లా రాయగడలో, కాశీపూర్ బ్లాకులో డిఫ్తీరియా పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. పాతకాలం పుస్తకాల్లో కంఠసర్పి అని రాసేవారు. గొంతులో బూడిదరంగు పొర కడుతుంది, మెడ వాస్తుంది, ఊపిరాడదు. దాని విషం గుండెని పట్టుకోకుండా ఆపాలంటే యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, గుర్రం రక్తం నుంచి తీసే విరుగుడు మందు తొందరగా పడాలి. అది ప్రతి ఆసుపత్రిలో దొరికే మందు కాదు. చిన్నప్పటి మూడు డోసుల బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, అందుకే బూస్టర్లు. మన దేశంలో ఇప్పుడు ఈ జబ్బు ఎక్కువగా పట్టుకుంటున్నది అయిదేళ్ళు దాటిన పిల్లల్ని. బూస్టరు తప్పినవాళ్ళని అది వెతుక్కుంటూ వస్తుంది. బడిలో చేర్చుకునేటప్పుడు ఆధార్, కులం సర్టిఫికెట్ అడిగే హెడ్‌మాస్టారు టీకా కార్డు కూడా ఒకసారి చూస్తే? లేదని చేర్చుకోవడం మానమనడం లేదు, చూసి ఏఎన్ఎంకి ఒక మాట చెప్పమంటున్నాను.

మెదడువాపు టీకాది మరీ విచిత్రం. అది దేశమంతా వేసేది కాదు, జబ్బు ఉన్న జిల్లాల జాబితా ఒకటుంటుంది, ఆ జిల్లాల్లోనే తొమ్మిదో నెలకి ఒకటి, ఏడాదిన్నరకి ఒకటి వేస్తారు. 2016లో మల్కనగిరిలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వందమందికి పైగా పిల్లలు పోయారు. కొందరిలో జపనీస్ మెదడువాపు వైరస్ దొరికింది. మిగతావాళ్ళ విషయంలో పొలాల గట్ల మీద పెరిగే కసింద గింజలు తినడం వల్ల ఒంట్లో చేరిన విషమే కారణమని నిపుణులు తేల్చారు. కారణాలు రెండైనా, ఆ ఏడాది చివర అక్కడ మెదడువాపు టీకా వేయడం మొదలైంది. ఇప్పుడు చూడండి: జాబితాలో లేని జిల్లాలో అమ్మమ్మ ఇంట్లో తొమ్మిదో నెల నింపుకున్న బిడ్డ, జాబితాలో ఉన్న జిల్లాలో నాన్న ఇంటికి వస్తే ఆ డోసు ఎవరు గుర్తు చేస్తారు? అక్కడి కార్డులో ఆ గడి ఖాళీగా ఉండడం తప్పే కాదు. ఇక్కడి ఏఎన్ఎం పేరే లేని బిడ్డకి ఖాళీ గడి వెతకదు. దోమకి మాత్రం జిల్లా జాబితా పట్టదు.

వీటన్నిటికీ మందు వచ్చేసిందంటున్నారు, పేరు యూ-విన్. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి తర్వాత దేశమంతా విస్తరించారు. బిడ్డ పేరు ఒకసారి ఎక్కితే ఏ రాష్ట్రంలోనైనా చూడొచ్చు, ఎక్కడైనా వేయించుకోవచ్చు. ఆలోచన మంచిది, మా సరిహద్దుకి కావలసింది సరిగ్గా ఇదే. కానీ నమోదుకి ఫోన్ నంబరు కావాలి, ఓటీపీ వస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ భర్త దగ్గర ఉంటుంది, భర్త సూరత్‌లోనో చెన్నైలోనో ఉంటాడు. ఏఎన్ఎం ముందు కూర్చున్న తల్లి ఫోన్ చేస్తుంది, అతను మిషన్ దగ్గర ఉండి ఎత్తడు. కొండమీద సిగ్నలే ఉండదు. చివరికి ఏఎన్ఎం తన నంబరో ఆశా నంబరో ఇచ్చి ఎక్కిస్తుంది. రాష్ట్రం దాటాక ఆ బిడ్డని వెతకాలంటే ఏ నంబరుతో వెతకాలి? యంత్రం బాగుంది. దాన్ని చేతిలో పట్టుకున్న మనిషి ఇబ్బంది ఏమిటో ఎవరూ అడిగినట్టు లేదు.

ఒక బిడ్డని రెండు రాష్ట్రాలూ లెక్కేసుకుంటే శాతాలు తప్పవుతాయి కదా అని కూడా నాతో అన్నారు. అవుతాయి. ఒడిశా శాతం కాస్త ఎక్కువగా కనపడొచ్చు. దానివల్ల ఎవరికీ జ్వరం రాదు. అదే బిడ్డ రెండు లెక్కల్లోనూ లేకపోతే శాతం అందంగానే ఉంటుంది, గొంతు మూసుకుపోయేది ఆ బిడ్డకే.

ప్రభుత్వాలు కదిలేలోగా మనలాంటి ఇళ్ళల్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పుట్టింటి నుంచి బయలుదేరే ముందు కార్డు రెండు వైపులా ఫోటో తీసి తల్లి ఫోన్లోనూ అమ్మమ్మ ఫోన్లోనూ పెట్టండి. అక్కడి ఏఎన్ఎంని అడిగి, యూ-విన్‌లో ఏ నంబరుతో ఎక్కించారో కార్డు మీదే పెన్నుతో రాయించుకోండి. అత్తవారి ఊళ్ళో సూది రోజు దాకా ఆగకుండా, వచ్చిన వారంలోనే ఆశా దీదీ ఇంటికి వెళ్ళి పేరు రాయించండి. అప్పుడు పై బుధవారానికి డబ్బాలో మీ బిడ్డ డోసు కూడా వస్తుంది. లిస్టులో లేదు అంటే మెల్లిగానే అడగండి, లేని పేరు రాసుకోవడానికి వాళ్ళ పుస్తకంలో చోటుంటుంది.

ఆలస్యమైపోయిందని తిడతారేమోనని భయపడి ఇంట్లో కూర్చునేవాళ్ళు చాలామంది. తిట్టినా వెళ్ళండి. మధ్యలో ఎన్ని నెలలు పోయినా మళ్ళీ మొదటి డోసు నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటి నుంచే వేస్తారు, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలుంటే చాలు. బీసీజీ ఏడాదిలోపు వేయించొచ్చు. పెంటావాలెంట్, రోటావైరస్ మొదటి డోసు ఏడాది నిండేలోపు పడాలి. తట్టు-రుబెల్లా అయిదేళ్ళ దాకా వేస్తారు, మెదడువాపు టీకా జాబితాలో ఉన్న జిల్లాల్లో పదిహేనేళ్ళ దాకా. డీపీటీ ఏడేళ్ళ లోపు. అదీ దాటిపోతే టీడీ అడగండి.